సొంత కోటున్న లాయరు

చచ్చిపోయిన మనిషి టీవీలో అరుస్తున్నాడు. "అబ్జెక్షన్ యువరానర్!" అంటున్నాడు. మధ్యాహ్నం పూట, మా పక్కింట్లో. పాత సీరియల్ మళ్లీ వేస్తున్నారట. ఉప్పు అడగడానికి వెళ్లినదాన్ని గుమ్మంలోనే నిలబడిపోయాను. నల్ల కోటు, నుదుటి మీద పడే జుట్టు, వేలెత్తే ముందు గొంతు సవరించుకోవడం. అతనే. పోయి ఏడాది దాటింది. మనిషి పోయాక గొంతు ఇంకా ఇళ్లలో తిరగడం ఏం పద్ధతో నాకు తెలియదు.

పక్కింటి కోడలు చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తి చూసి నవ్వింది.

"ఓలప్పా, సూడు సూడు! మన దిబ్బ పోగొట్టినోడు!"

ఉప్పు తీసుకోకుండానే వచ్చేశాను.

మా పేటలో అతనికి అదే పేరు. అసలు పేరు చెబితే ఎవరికీ గుర్తు రాదు. నేనూ రాయను. సాలూరులో అతని వాళ్లున్నారు, వాళ్లకు పడ్డ తలవంపులు చాలు.

దిబ్బ గురించి చెప్పాలి. మాది విజయనగరం జిల్లాలో సముద్రం ఒడ్డు పేట. ఇళ్లకూ నీళ్లకూ మధ్య పెద్ద ఇసక దిబ్బ. పడవలు లాగి పెట్టేది అక్కడే, వలలు కుట్టుకునేది అక్కడే, మా ఆడవాళ్లు నెత్తళ్లూ కవళ్లూ లాంటి చేపలు ఎండబెట్టుకునేది అక్కడే. నా అత్త ఎండబెట్టింది, ఆమె అత్త ఎండబెట్టింది. పెద్ద తుపాను వచ్చిన మరుసటి ఏడు, రొయ్య పిల్లల్ని పెంచే హేచరీ వాళ్లొచ్చి దిబ్బ కొనుక్కున్నామని కాయితాలు చూపించి చుట్టూ ముళ్ల కంచె కట్టేశారు. కులపెద్దలు వెళ్లి మాట్లాడారు. పని జరగలేదు. కోర్టుకే వెళ్లాలన్నారు.

ఏ లాయరు దగ్గరికి వెళ్లాలన్న మాట వచ్చినప్పుడు నోరు తెరిచింది నేనే. టీవీ సీరియల్లో లాయరు వేషం వేసే మనిషి నిజంగానే లాయరై విజయనగరంలో ఉన్నాడని చేపల బజారులో విన్నాను.

"ఆయన ఒక్క కేసూ ఓడిపోనేదు, నాను రోజూ సూస్తన్నాను కదా," అన్నాను.

ఎవరూ నవ్వలేదు. వాళ్లూ రోజూ చూస్తున్నారు మరి.

మొదటిసారి కోర్టు వరండాలో చూశాం. అతను మాతో మాట్లాడుతూ మాట్లాడుతూ రెండడుగులు పక్కకు జరిగాడు. ఎందుకు జరిగాడో అప్పుడు తెలియలేదు. తర్వాత ఎన్నోసార్లు చూసి తెలుసుకున్నాను. వెలుతురు మొహం మీద ఎక్కడ పడుతుందో వెతుక్కుని అక్కడ నిలబడేవాడు. కోర్టు హాల్లో కూడా కిటికీ పక్కనే. మిగతా లాయర్లు ఫ్యాను కింద చోటు కోసం కొట్టుకుంటుంటే ఇతను ఎండలో చెమటలు కక్కుతూ నిలబడేవాడు.

"నువ్వు టీవీలో లాయరువి కదా బాబూ?" అన్నాను.

"అక్కడ వేషం అప్పా. ఇక్కడ నిజం." మా వైపు అక్కను పిలిచినట్టే అప్పా అన్నాడు.

"ఏటి తేడా?"

గొంతు సవరించుకున్నాడు. జుట్టు వెనక్కి తోశాడు. "అక్కడ కథ రాసినోడు గెలిపిస్తాడు. ఇక్కడ..." అని ఆగి, ఏం చెప్పాలో తోచక, "వన్ మోర్," అని మళ్లీ మొదటి నుంచి అన్నాడు. "అక్కడ కథ రాసినోడు గెలిపిస్తాడు. ఇక్కడ కాయితం గెలిపిస్తాది."

ఆ వన్ మోర్ అతనికి ఊతపదం. మాట మధ్యలో తడబడితే అలా అనుకుని వాక్యం మొత్తం మొదటి నుంచి చెప్పేవాడు. షూటింగులో అలాగే చేస్తారట. కోర్టు ముందు టీ కొట్టు దగ్గర కూడా అంతే. "ఒక టీ, చక్కెర తక్కువ, కాదు, వన్ మోర్, రెండు టీలు, చక్కెర తక్కువ." కొట్టువాడు నవ్వు ఆపుకోలేక గ్లాసులు ఒలకబోసేవాడు.

అతనికి రెండు భాషలుండేవి. కోటు వేసుకుంటే సీరియల్ తెలుగు. "న్యాయం ఆలస్యం కావచ్చు గాని అంధురాలు కాదు" లాంటి మాటలు. ఆకలేసినా కోపమొచ్చినా సాలూరు మాట బయటపడేది. "బేగి అన్నం ఎట్టండప్పా, కళ్లు తిరిగిపోతన్నాయి." నాకు రెండో మనిషే ఇష్టం. మా పేటకు వచ్చినప్పుడల్లా నా ఇంట్లో ఎండు నెత్తళ్ల పులుసుతో తినేవాడు. వెళ్లేటప్పుడు పొట్లం కట్టిస్తే కోటు లోపల దాచుకునేవాడు. కోర్టులో ఆ కోటు వాసనేసేదని తోటి లాయర్లు ముక్కు మూసుకునేవాళ్లట. అదీ తనే చెప్పి తనే నవ్వాడు.

ఆ కోటు కథ కూడా పులుసన్నం తింటూనే చెప్పాడు. డిగ్రీ అయ్యాక సాలూరు నుంచి లారీ ఎక్కి హైదరాబాదు వెళ్లాడు సినిమాల కోసం. చాలా ఏళ్లు గుంపులోనే ఉన్నాడు. పెళ్లిలో జనం, చావులో జనం, రైలు దిగే జనం. ఒకరోజు ఏదో సీరియల్లో లాయరు వేషానికి మనిషి రాలేదు. బట్టలవాడు గుంపు ముందుకొచ్చి "సొంత కోటున్నోడెవడ్రా?" అని అరిచాడు. ఇతను ఆ వారమే పాత బట్టల సంతలో ఒక నల్ల కోటు కొన్నాడు, చలికి. చెయ్యెత్తాడు.

"అంతేనప్పా. మొకం సూసి కాదు, నటన సూసి కాదు. కోటు సూసి ఇచ్చినారు. పదేళ్లు లాయరునే."

"మరి నిజం లాయరెందుకైనావు?"

ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. డైలాగులో ఒక సెక్షన్ చెప్పాల్సి వచ్చిందట. సరైనదేనా అని రాసినవాణ్ణి అడిగితే, "ఎవడు చూస్తాడు, కానీ," అన్నాడట. ఇతనికి మనసొప్పక పుస్తకం కొని చూశాడు. ఆ సెక్షన్ పశువుల్ని చంపడం గురించి.

"తప్పు సెక్షన్ సెప్పి మనిషిని ఉరెక్కించేసినానప్పా. అందరూ సప్పట్లు కొట్టినారు." నవ్వుతూనే అన్నాడు గాని, ఆ పూట రెండోసారి అన్నం పెట్టించుకోలేదు.

నలభైకి దగ్గర పడుతున్న వయసులో పిల్లల మధ్య కూర్చుని లా చదివాడు. అదే కోటుతో కోర్టుకొచ్చాడు. కాలరు లోపల మేకప్పు మరక ఒకటి గోధుమ రంగులో ఉండిపోయింది. ఎంత ఉతికినా పోలేదట. వేషాలు మాత్రం మానలేదు. ఫోనొస్తే వెళ్లేవాడు, వాయిదా ఉన్నా సరే. అది అతని దరిద్రం. నేను దాచను.

ఇప్పుడు నా సంగతి. నేను వేలిముద్ర మనిషిని. నలభై ఆరో ఏట, ఊళ్లో పెద్దవాళ్లకు చదువు చెప్పే కేంద్రం పెడితే పలక పట్టాను. నా మొగుడు నవ్వాడు, నా మరిది ఇంకా నవ్వాడు. ఏడాదికి బస్సు బోర్డులు చదివాను. మూడేళ్లకు పేపరు చదివాను. అచ్చక్షరాలైతే చదివేస్తాను. ఆ గొప్ప నాకు బాగా ఎక్కింది. పేటలో ఎవరికి ఏ కాయితం వచ్చినా నా దగ్గరకే రావాలి. రాకపోతే అలిగేదాన్ని.

అది చూసి అతను నిజంగా సంతోషపడ్డాడు. "పెద్దయినాక సదివినోళ్లమే మనిద్దరమూనూ," అన్నాడు. ఆ ఒక్క మాటతో నన్ను కొనేశాడు.

కేసు సాక్ష్యాల దాకా వచ్చింది. సాక్షులం నలుగురం. నేను, నా మరిది, పడవ సొంతదారు ఒకాయన, పెద్దవల లాగించే ముసలాయన. అవతలి లాయరు మమ్మల్ని బోనెక్కించి ఏ ప్రశ్నలు వేస్తాడో, ఏం చెప్పాలో అతను మా అరుగు మీద కూర్చుని కాయితం మీద రాశాడు. నాకోసం పెద్ద పెద్ద విడి అక్షరాలతో రాశాడు. అలవాటు చొప్పున మధ్య మధ్యలో "ఆగి", "చెయ్యి చూపించి" అని కూడా రాశాడు. రాస్తుండగా ఫోనొచ్చింది. హైదరాబాదులో షూటింగు, రెండు రోజులు. నిలబడి, ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కుకుని, కాయితం అడుగున గబగబా రెండు వరసలు గొలుసుకట్టులో గీకి నా చేతిలో పెట్టాడు.

"ఎల్లుండి వాయిదాకి తిన్నగా వచ్చేస్తానప్పా. నువ్వు అందరికీ సదివి ఇనిపించు. కింద రాసింది కూడా సూసుకో."

"సూస్తాన్లే, ఎల్లు," అన్నాను.

కింద రాసింది నాకు రాలేదు. గొలుసుకట్టు నాకు చదవడం రాదు. ఒక అక్షరం ఎక్కడ అయిపోయి ఇంకోటి ఎక్కడ మొదలయ్యేదీ తెలియలేదు. ఇంకొకరికి చూపించి చదివించుకోవచ్చు. పక్క వీధిలో ఇంటరు చదివిన పిల్లలున్నారు. కాని నేను కాయితం పట్టుకెళ్లి చదవమని అడగడమా? పేటకంతటికీ చదివేది నేను. ఏదో ఖర్చు సంగతో, బస్సు సంగతో అయ్యుంటుందని నాకు నేనే చెప్పుకుని కాయితం మడిచాను.

ఆ రెండు రోజులూ వలల పాకలో ముగ్గురినీ కూర్చోబెట్టి నేర్పాను. మా వాళ్లకు ఏదైనా నేర్చుకోవడం ఒకటే విధం. పెద్దవల లాగేటప్పుడు ఒకడు మాట ఎత్తితే మిగతావాళ్లు అదే మాట, అదే ఊపిరి మీద అందుకోవాలి. ఒకడు తేడా పడితే తాడు జారుతుంది, చేతులు కోసుకుపోతాయి. సాక్ష్యం కూడా అలాగే పట్టారు. నేను ఎత్తాను, వాళ్లు అందుకున్నారు.

"'మా తాతల కాలం నుంచి...' అక్కడ ఆగండర్రా. ఆగి, సెయ్యి సూపించి, 'ఆ దిబ్బే మాకు అన్నం పెట్టిందండి' అనాలి."

"సెయ్యి ఎటేపు సూపించాలొదినా?" అన్నాడు మరిది.

"సముద్రం ఏపు."

"కోర్టులో సముద్రం ఎటేపుంటాది?"

"కుడి సెయ్యి ఎటుంటే అటే. నీకెందుకు?"

"దిబ్బ కాడ ఇసకలో పుట్టినోణ్ణి, నా మాట నాను సెప్పుకోలేనేటి? ఈ 'కాలం నుంచి' ఏటి, 'కాడి నుంచి' అంటే సాలదా?"

"రాసింది రాసినట్టు సెప్పు. సదువొచ్చినోడు రాసినాడు, సదువొచ్చినదాన్ని సెప్తన్నాను."

నోరు మూసుకున్నాడు. రెండో రోజు సాయంత్రానికి ముగ్గురూ ఒక్క గొంతుతో చెబుతుంటే నాకు ఒళ్లు పొంగింది.

వాయిదా రోజు అతను రైలు దిగి తిన్నగా కోర్టుకొచ్చాడు. మెడ మీద మేకప్పు ఇంకా ఉంది.

"అందరికీ సెప్పినావా అప్పా?"

"అచ్చరం పోకుండా సెప్పినాను."

అతని మొహం మారింది. "అచ్చరం పోకుండానా?" అన్నాడు. ఇంకేదో అనబోయాడు. ఈలోగా బంట్రోతు నా పేరు మూడుసార్లు కేకేశాడు.

మొదటి సాక్షిని నేనే. బాగా చెప్పాను. ఆగాల్సిన చోట ఆగాను, చెయ్యి చూపించాను. జడ్జిగారు రాసుకున్నారు. దిగి వెనక బల్ల మీద కూర్చున్నాను. చెప్పేసినవాళ్లు కూర్చోవచ్చు, చెప్పనివాళ్లు బయట ఉండాలి. అందుకే తర్వాత ముగ్గురివీ నేను విన్నాను. నేను మాత్రమే విన్నాను.

పడవాయన ఎక్కాడు. "మా తాతల కాలం నుంచి..." ఆగాడు. చెయ్యి చూపించాడు. "ఆ దిబ్బే మాకు అన్నం పెట్టిందండి." అవతలి లాయరు తలెత్తి చూశాడు. ముసలాయన ఎక్కాడు. అదే మాట, అదే చోట ఆగడం, అదే చెయ్యి, అదే వైపు. అవతలి లాయరు చేతిలో కాయితాలు బల్ల మీద పెట్టేశాడు. ఇక అతనికి వాటితో పని లేదు. మా లాయరు కిటికీ దగ్గర వెలుతురులో నిలబడి ఉన్నాడు. మొదటిసారి ఆ వెలుతురులోంచి పక్కకు జరగడం చూశాను.

మరిది ఎక్కాడు. అవతలి లాయరు ప్రశ్నల వరస మార్చాడు.

"నీకు పిల్లలెంతమంది?"

మరిది ఊపిరి తీసుకున్నాడు. "మా తాతల కాలం నుంచి..." అని ఆగి, చెయ్యి చూపించాడు.

హాలంతా నవ్వింది. బంట్రోతు కూడా.

"అటు సముద్రం ఉందా?" అన్నాడు అవతలి లాయరు, మెల్లగా. "అటు బస్టాండు కదయ్యా."

మరిది నా వైపు చూశాడు. తాడు జారిన చేతిని చూసుకున్నట్టు తన చెయ్యి చూసుకున్నాడు. మేం చెప్పిందంతా నిజం. ఒక్క ముక్క అబద్ధం లేదు. నలుగురం ఒకేలా చెప్పాం, అంతే, అది అబద్ధమైపోయింది.

మా లాయరు ముందుకొచ్చాడు. "యువరానర్, సాక్షి కంగారుపడ్డాడు. ఒక్కసారి, మళ్లీ మొదటి నుంచి..." మాట తడబడింది. తెలియకుండానే అన్నాడు. "వన్ మోర్."

"లాయరు గారూ," అన్నారు జడ్జిగారు. కోపంగా కాదు, విసుగ్గా. "ఇక్కడ వన్ మోర్ ఉండదు."

కొన్ని నెలలకు తీర్పొచ్చింది. సాక్షులు నేర్పించిన మాటలు చెప్పారు, వాళ్ల సాక్ష్యం నమ్మదగినది కాదు అని రాశారు. కంచె ఉండిపోయింది. ఇప్పుడు మేం తారు రోడ్డు అంచున చేపలు ఎండబెడుతున్నాం. లారీ వెళ్తే ధూళంతా చేపల మీదే. కొనేవాళ్లు వేళ్లతో గీకి చూసి పారేస్తారు.

తీర్పయిన వారానికి అతను పేటకొచ్చాడు. రాకపోయినా అడిగేవాళ్లు లేరు. వచ్చాడు. వలల పాక దగ్గర మగవాళ్లంతా మూగారు.

"నీ సీరియల్ కోసం మా దిబ్బ తినేసినావురా!" అన్నాడు పడవాయన. "మమ్మల్ని కోతుల్లాగ ఆడించినావు. ఆగమన్నావు, సెయ్యి సూపమన్నావు. ఏదిరా సముద్రం? సూపించు, ఏదీ!"

ఎవరో కోటు పట్టుకు లాగారు. భుజం దగ్గర కుట్టు ఊడింది. అతను వాళ్లను చూడలేదు. నన్ను చూశాడు.

"అప్పా. కింద రాసింది సదివినావా?"

అందరూ నా వైపు తిరిగారు. ఇన్నేళ్లు నేను కాయితాలు చదివి పెట్టిన మొహాలన్నీ.

"సదివినాను," అన్నాను.

అతను కొంచెంసేపు అలాగే చూశాడు. తర్వాత వాళ్ల వైపు తిరిగి అన్నాడు. "తప్పు నాదే. ఒగ్గేసి ఎల్లకుండా ఉండాల్సింది. కోర్టు ఏరు, షూటింగు ఏరు. నాకే తెలీనేదు."

ఆ మాట సీరియల్ తెలుగులో అనలేదు. సాలూరు మాటలో అన్నాడు. అందుకే అందరూ నమ్మారు. పై కోర్టుకు వెళ్దాం, సంతకాలు పెట్టండి అని అడిగాడు. ఒక్కరూ పెట్టలేదు. నేనూ పెట్టలేదు.

తర్వాత అతనికి కేసులు రాలేదని విన్నాను. కోర్టులో అందరూ వన్ మోర్ లాయరు అనేవాళ్లట. ఒకసారి విజయనగరం బజారులో ఎదురుపడ్డాడు. కోటు లేదు. నెత్తళ్ల గంప దింపుకుని కూర్చున్నదాన్ని, చూడనట్టు పక్కకు తిరిగి కొంగుతో ఈగలు తోలాను. అతను ఒక్క క్షణం నిలబడి వెళ్లిపోయాడు. మళ్లీ చూడలేదు. గుండె ఆగి పోయాడని టీ కొట్టువాడు చెబితే తెలిసింది. వెళ్లలేదు. ఏ మొహంతో వెళ్తాను?

ఆ కాయితం నా ట్రంకు పెట్టెలో ఉంది. దానికోసమే గొలుసుకట్టు నేర్చుకున్నాను. ఫోన్లు లేని రోజుల్లో ఎక్కడో దూరాన వీరావల్ రేవుకు చేపల వేటకెళ్లిన మా మగవాళ్లు రాసిన పాత ఉత్తరాలు ఇంటింటా అడిగి తెచ్చుకుని, వేలు పెట్టి ఒక్కో ముడీ విప్పుకుంటూ చదివాను. ఏడాది పట్టింది. టీవీలో అతని గొంతు విన్న రోజు పెట్టె తెరిచి మళ్లీ చదివాను. రెండే వరసలు.

"అప్పా, ఇది నీకు తెలియడానికే. ఎవరి చేతా బట్టీ పట్టించకు. ఎవరి మాటల్లో వాళ్లు చెబితేనే జడ్జి నమ్ముతాడు."

మర్నాడు ఆ కాయితం పట్టుకుని వలల పాకకు వెళ్లాను. మరిది ఉన్నాడు, పడవాయన ఉన్నాడు. ముసలాయన అప్పటికే లేడు. పక్కింటి కోడలిని కూడా పిలిచాను. నిలబడి చెప్పాను. నాకు ఇది చదవడం రాలేదు, సిగ్గుపడి అడగలేదు, మీకు బట్టీ పట్టించింది నేను, దిబ్బ పోగొట్టింది నేను. ముందుగా అనుకుని వెళ్లిన మాటలు కావు. తడబడ్డాను, వెనక్కి వెళ్లాను, ఏడ్చాను కూడా. ఇంతకాలానికి నా మాటల్లో నేను చెప్పాను.

పక్కింటి కోడలు మంచినీళ్లు తెచ్చిచ్చింది. పడవాయన కాయితం అటూ ఇటూ తిప్పి, తనకు చదువు రాదు గనక, మడిచి నా చేతిలో పెట్టాడు.

మరిది వలలోంచి తలెత్తకుండానే అడిగాడు.

"ఎవలు నేర్పినారొదినా నీకీ మాటలు?"